చీమలు పట్టిన విత్తనం

నేను పదవీ విరమణ చేయడానికి ముందటి ఏడాది, జూలై నెల. విజయవాడ శివార్లలోని ఒక విత్తన పరీక్షా కేంద్రంలో సీడ్ ఎనలిస్టుగా పనిచేస్తున్నాను. విత్తనాన్ని పరీక్షించి, ఇది మొలుస్తుందో మొలవదో సంతకం పెట్టి చెప్పే ఉద్యోగిని సీడ్ ఎనలిస్టు అంటారు. సార్వా, అంటే తొలకరి వరి పంట, మొదలయ్యే రోజుల్లో మాకు తల ఎత్తే తీరిక ఉండదు. ఒక పక్క కాలువలకు నీళ్లు వదులుతారు, ఇంకో పక్క ఊరూరి నుంచి శాంపిళ్లు వచ్చి పడుతుంటాయి.

చదువుకునే రోజుల నుంచి డైరీ రాయడం నాకు అలవాటు. నా డైరీల్లో ఆవేశాలేమీ ఉండవు. వాన పడిందా, ఏ పరీక్షలు జరిగాయి, ఇంటికి ఏ కూర తెచ్చాను, అంతే. ఆ జూలై పేజీల్లో మాత్రం పెన్ను గట్టిగా నొక్కడంతో కాగితం చిరిగిన చోట్లు ఉన్నాయి. ఈ మధ్య పాత డైరీలు సర్దుతుంటే అవి కనబడ్డాయి. కోపం చల్లారిందనుకున్నాను. చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున్నే ఒక రైతు మహిళ మా కేంద్రం వరండాలో కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. పేరు నాంచారమ్మ. కూచిపూడి దాటాక కాలువ గట్టు మీదుగా లోపలికి వెళితే వచ్చే ఊరు, రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో ఒక కేరేజీ గిన్నె, కొంగున కట్టిన చిన్న మూట.

"ఎవరు పంపారమ్మా?" అని అడిగాను.

"ఎవరూ పంపలేదండి. నేనే వచ్చాను. ఇక్కడ గింజల్ని పరీక్ష చేస్తారంట కదండీ."

"చేస్తాం."

"చేతుల్ని కూడా చేస్తారాండీ?"

వేళాకోళమనుకుని ఆవిడ మొహంలోకి చూశాను. వేళాకోళం కాదు.

ఆవిడ బాధ అర్థం కావాలంటే మా డెల్టా పద్ధతి ఒకటి చెప్పాలి. ఇక్కడ వరి విత్తనాన్ని నానబెట్టి, నీళ్లు ఓడ్చి, గోనెసంచుల్లో పోసి, పైన తడి గోనెలు కప్పి, బరువు పెట్టి ఉంచుతారు. దాన్ని మండె కట్టడం అంటారు. లోపల వేడి పుట్టి, గింజకు తెల్లటి ముక్కు వచ్చాక తీసుకెళ్లి నారుమడిలో చల్లుతారు. వేడి చాలకపోతే ముక్కు రాదు, మరీ ఎక్కువైతే గింజ ఉడికిపోతుంది. మధ్యమధ్య గోనె కిందికి చెయ్యి పోనిచ్చి చూస్తూ, అవసరమైతే నీళ్లు చిలకరించాలి. అందరికీ కుదిరే పని కాదు. అందుకే ప్రతి ఊళ్లోనూ హస్తవాసి మంచిదని పేరున్న వాళ్లు ఒకరిద్దరు ఉంటారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ విత్తనాన్ని వాళ్ల చేతే మండె కట్టిస్తారు. ఆ వీధిలో ఆ పేరు నాంచారమ్మది. పెళ్లై ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ వీధి వీధంతా ఆవిడ చేతి మండెతోనే నారు పోసుకుంది.

ఆ ఏడాది ఉగాదికి ముందు ఆవిడ భర్త గుండెపోటుతో చనిపోయాడు. పిల్లలు లేరు. కౌలు పొలాన్ని ఒక్కతే నిలబెట్టుకుంది. సార్వా రాగానే అలవాటు ప్రకారం నాలుగిళ్ల వాళ్లు విత్తనం తెచ్చి ఆవిడకు అప్పజెప్పారు. ఆవిడతో సహా అందరూ ఒకే డీలరు దగ్గర, ఒకే కంపెనీ విత్తనం కొన్నారు. తన విత్తనంతో పాటు వాళ్లదీ ఎప్పటిలాగే మండె కట్టింది. అది మొలవలేదు. అక్కడక్కడా ముక్కు వచ్చినవి మడిలో పచ్చబడకుండానే కుళ్లాయి.

నాలుగిళ్ల వాళ్లూ డీలరు మీదకు వెళ్లారు. డీలరు కంపెనీ మనిషిని పిలిపించాడు. ఇద్దరూ చెప్పిన మాట ఒకటే. విత్తనంలో లోపం లేదు, మండె వేడి మితిమీరి గింజ ఉడికిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. డీలరు గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడట: "మొగుడు పోయిన ఏడే ఆవిడ చేత శుభకార్యం చేయించుకున్నారేంటయ్యా? మీ బుద్ధి ఏమైంది?"

నాలుగిళ్ల వాళ్ల కోపం అక్కడికక్కడే దారి మారింది. డీలరు కొట్టు దగ్గర మొదలైన కేకలు నాంచారమ్మ వాకిట్లో ముగిశాయి. ఆమె భర్తకు వరసకు అన్న, శ్రీరాములు అనే ఆయన, వీధి నడుమ నిలబడి, "నేను ముందే చెప్పా. ఆ చెయ్యి ఇంక మంచిది కాదని చెప్పా. విన్నారా?" అన్నాడట. కౌలుకిచ్చిన ఆసామి కూడా వచ్చే ఏడాది సంగతి ఆలోచించుకోవాలన్నాడట.

ఇదంతా ఆవిడ ఏడవకుండా చెప్పింది. చెప్పి, కేరేజీ గిన్నె మూత తీసింది. అందులో మొలవని మండె గింజలు ఉన్నాయి. పులిసిన వాసన కొట్టాయి.

"మండె బాగా వేడెక్కిందామ్మా?" అని అడిగాను.

"ఎక్కడండీ! అదే కదా నా గోల. ఎన్నిసార్లు చెయ్యి పెట్టి చూశానో. చల్లగా శవంలా పడుంది. వాళ్లేమో ఉడికిపోయిందంటారు. వేడే లేంది ఉడుకుద్దాండీ? పైగా చీమలు."

"చీమలా?"

"నానబెట్టిన నీళ్లు ఓడ్చానో లేదో, ఆ తడి పారిన దారంతా బారులు తీరినయ్యండి. నీళ్లు జిగటగా ఉన్నయ్యి. మా బావగారు దానికీ నన్నే అన్నాడు, బెల్లం చేతుల్తో ముట్టుకుందని."

ఆ చీమల మాట దగ్గరే నా కలం ఆగింది. ఎందుకో చెబుతాను.

వరి గింజలో మొలక అయ్యే భాగం చాలా చిన్నది. ఒక మూలన అతుక్కుని ఉంటుంది. మిగతాదంతా పిండి. మేము దాన్ని ఎండోస్పెర్మ్ అంటాం, మీరు అన్నంగా తినేది దాన్నే. తల్లి మొక్క బిడ్డకు కట్టి ఇచ్చిన సద్ది మూట అనుకోండి. అయితే పిండి ఉన్నది ఉన్నట్టుగా మొలకకు పనికిరాదు. నీళ్లలో కరగదు, ఒక చోట నుంచి ఇంకో చోటికి కదలదు. గింజకు నీళ్లు తగలగానే మొలక భాగం నుంచి ఒక హార్మోను బయలుదేరి, పిండి చుట్టూ ఉన్న పలుచని పొరను నిద్ర లేపుతుంది. ఆ పొర ఎమైలేజ్ అనే ఎంజైమును తయారుచేస్తుంది. ఎమైలేజ్ చేసే పని పిండిని విడగొట్టి చక్కెరగా మార్చడం. అన్నం ముద్దను నోట్లో చాలాసేపు నమిలితే తియ్యబడుతుంది కదా, మన ఉమ్మిలోనూ అదే జాతి ఎంజైము ఉంది. కరిగిన చక్కెరను మొలక పీల్చుకుంటుంది. కొంత వేరుగా, ఆకుగా మారుతుంది. కొంత ఊపిరి తీసుకోవడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చులోంచే వేడి పుడుతుంది. మండె వేడెక్కడమంటే లోపల వేలాది గింజలు సద్ది విప్పుకుని తింటున్నాయన్నమాట. మొదటి ఆకు పచ్చబడి, ఎండలో సొంతంగా తిండి వండుకునే దాకా మొలకకు ఆ మూటే ఆధారం. రెండో మూట ఉండదు.

మొలిచే మండెలో చక్కెర ఉండటం వింత కాదు. కానీ ఈవిడ చెప్పింది వేరు. నానబెట్టిన మొదటి నీళ్లలోనే, ముక్కు ఇంకా పగలకముందే, చక్కెర బయటికి కారింది. ఎమైలేజ్ పని మొదలుపెట్టడానికి తగినంత సమయమే లేదు. అంటే ఆ పని అంతకు ముందెప్పుడో జరిగిపోయింది. ఆ గింజలు ఒకసారి మొలకెత్తాయి. తర్వాత ఎవరో వాటిని ఎండబెట్టారు. వేరు బయటికి వచ్చిన మొలకను ఎండబెడితే చాలావరకు చచ్చిపోతుంది. చచ్చిన మొలక ఊపిరి తీయదు కాబట్టి మండె వేడెక్కదు. తినేవాళ్లు లేని చక్కెర నీళ్లలోకి కారిపోతుంది, చీమలు వస్తాయి.

ఈ సంగతి ఆవిడకు తేలిక మాటల్లో చెప్పి, కొంగు మూట విప్పించాను. అందులో పిడికెడు పొడి విత్తనం ఉంది. నానబెట్టే ముందు సంచిలోంచి ఒక పిడికెడు తీసి గాదెలో వేయడం వాళ్లత్తగారు నేర్పిన అలవాటట, గాదె పూర్తిగా ఖాళీ కాకూడదని. భూతద్దం కింద పెట్టి చూశాను. చాలా గింజల కొసన ఎండిన వేరు విరిగిన మచ్చ, సూది మొన అంత, ఉంది. మెరుగు పట్టించే యంత్రంలో వేసి మొలకలు రాల్చేశారు.

ఆ క్షణాన నాకు కిందటి శీతాకాలం గుర్తొచ్చింది. కోతల వేళ వానలు పట్టుకుని, కోసిన పనలు నీళ్లలో నాని, చేలోనే మొలకలొచ్చాయి. రైతులు ట్రాక్టర్లలో వేసుకుని మిల్లులకు తీసుకెళితే, మొలకెత్తిన ధాన్యం మాకొద్దని గేటు దగ్గర నుంచే వెనక్కి పంపారు. దారిలో దళారులు అయినకాడికి కొనుక్కున్నారు. ఏ చేలో గింజ ఏ సంచిలోకి చేరిందో నేను నిరూపించలేను. కానీ తినడానికి కూడా పనికిరాదన్న ధాన్యం, రంగు సంచిలో, బొమ్మతో, విత్తనం ధరకు మళ్లీ రైతు ఇంటికే వచ్చింది. మొలవకపోతే ఆ పాపం మండె కట్టిన మనిషి చేతిది!

అయితే నా కోపానికి చట్టంలో విలువ లేదు. రైతు సొంతంగా తెచ్చిన దాన్ని సర్వీస్ శాంపిల్ అంటారు. దాని ఫలితం రైతుకు తెలియడానికే, కేసుకు పనికిరాదు. చర్య తీసుకోవాలంటే సీలు తీయని సంచిలోంచి విత్తన ఇన్‌స్పెక్టరు సాక్షుల ముందు తీసిన శాంపిల్ కావాలి. ఆ మండలం వ్యవసాయాధికారి షకీలా గారే ఇన్‌స్పెక్టరు కూడా. ఫోన్ చేశాను.

"నిన్ననే డీలరు గోడౌను చూసొచ్చాను సార్," అన్నారావిడ. "ఆ లాట్ సంచి ఒక్కటి లేదు. ఊడ్చిపెట్టేశాడు. ఊళ్లోవన్నీ నానబెట్టేశారు."

లాట్ అంటే ఒకే రాశిలోంచి ఒకే నంబరుతో నింపిన సంచులు. ఫోన్ మాటలు వింటున్న నాంచారమ్మ మెల్లిగా అంది:

"మా బావగారింట్లో ఉందండి ఒకటి. సీలు కూడా తియ్యలేదు."

"ఆయనెందుకు నానబెట్టలేదు?"

"పక్కూరి ఆయన్ని పిలిపించి కట్టించుకుంటాడంటండి. నా చెయ్యి తగలకూడదని అటక మీద దాచాడు."

షకీలా గారు ఆ మధ్యాహ్నమే వెళ్లారు. శ్రీరాములు అడ్డు చెప్పకపోగా సంచిని తనే దింపి తెచ్చాడట. "తీసుకోండమ్మా, ఎంత కావాలంటే అంత తీసుకోండి. మా సంచి ఎందుకు మొలవదో నేనూ చూస్తా. దీనికి ఆవిడ గాలి కూడా తగల్లేదు," అని నలుగురి ముందూ చెప్పి సాక్షి సంతకం పెట్టాడట. ఆ మాట ఫోన్లో చెబుతూ షకీలా గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

శాంపిల్ మా దగ్గరకు కోడ్ నంబరుతో వస్తుంది. కంపెనీ పేరు, రైతు పేరు కనబడవు. భూతద్దం కింద ఆ మచ్చలు చూశాక నాకు కోడ్ విప్పాల్సిన పని లేకపోయింది. నియమం ప్రకారం బిట్వీన్ పేపర్ పరీక్ష పెట్టాను. తడిపిన ప్రత్యేకమైన కాగితాల మధ్య గింజల్ని వరసగా పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, వేడీ తేమా ఒకేలా ఉండే జెర్మినేటర్ అనే బీరువాలో నిలబెడతాం.

మాకే తెలియకూడని కోడ్ గుట్టు కంపెనీకి ఎలా తెలిసిందో భగవంతుడికెరుక. మొదటి లెక్క తీసే రోజున కంపెనీ రీజనల్ మేనేజరు మా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. చక్కగా చదువుకున్న మనిషి, మర్యాదగా మాట్లాడతాడు. బల్ల మీద నేను విప్పి పెట్టిన కాగితం చుట్టలోకి తొంగిచూశాడు.

"ఇన్నిటికి తెల్లగా ముక్కు వచ్చింది కద సార్. లెక్కలో వేసేయండి."

"ముక్కు రావడం మొలవడం కాదండీ. వేరు, ఆకు రెండూ సరిగా పెరిగితే నార్మల్ సీడ్లింగ్ అంటాం. అదొక్కటే లెక్కలోకొస్తుంది. ఇవి ముక్కు పెట్టి ఆగిపోయాయి. ఎబ్నార్మల్."

"మొలకంటే మొలకే కద సార్. మరీ అంత పట్టింపా?"

"మీ అబ్బాయి బడి గేటు దాటితే పదో తరగతి పాసైపోయినట్టేనా?"

ఆయన నవ్వాడు. "పెద్దవారు. ఇంకొక్క ఏడాది సర్వీసుంది. ప్రశాంతంగా వెళ్లిపోవాలి కదండీ."

"ప్రశాంతంగానే ఉన్నాను. కొంచెం ఆ కుర్చీ జరపండి, జెర్మినేటర్ తలుపు తియ్యాలి."

ఆయన కుర్చీ జరిపాడు గానీ లేవలేదు. స్వరం తగ్గించాడు. "అసలు సమస్య విత్తనం కాదు సార్. ఆ ఊళ్లో మండె కట్టింది ఒక... భర్త పోయి ఆరు నెలలు కూడా కాలేదంట. అలాంటివాళ్ల చేత కట్టిస్తే ఏమవుద్దో మీకు తెలీందేముంది?"

"మీరేం చదివారు?"

"ఎమ్మెస్సీ అగ్రికల్చర్ సార్."

"ఈ ముక్క అందులో ఏ పాఠంలో ఉంది?"

కాగితం చుట్ట ఇంకొకటి తీసి ఆయన ముందు బల్ల మీద విప్పాను. సగానికి పైగా గింజలు కదల్లేదు. బూజు పట్టడం మొదలైంది.

"ఈ గింజల్ని పేర్చింది నేను, చుట్టింది నేను. మా ఆవిడ నిక్షేపంలా ఉంది, పొద్దున కాఫీ కూడా ఇచ్చింది. మరి ఇవెందుకు లేవలేదో చెప్పండి."

ఆయన లేచి వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను గొంతు పెంచింది ఆ ఒక్కసారే. పక్క గదిలో వాళ్లు వచ్చి తొంగిచూశారు.

గడువు పూర్తయ్యాక చివరి లెక్క తీశాను. వరి విత్తనానికి నూటికి ఎనభై మొలవాలని నియమం. అందులో సగానికి కూడా రాలేదు. రిపోర్టు పంపాను. షకీలా గారు ఆ లాట్ అమ్మకం ఆపించారు. నాలుగిళ్లకూ నాంచారమ్మకూ శ్రీరాములుకూ వేరే లాట్ సంచులు ఇప్పించారు. కంపెనీ వాటిని రైతులకు సాయం చేస్తున్నట్టు బ్యానరు కట్టి, ఫొటోలు తీయించుకుని మరీ పంచింది. తప్పు ఒప్పుకున్న మాట ఒక్కటి లేదు. కాలువలో నీళ్లు ఇంకా ఉన్నాయి గనక, ఆలస్యంగానైనా నారు పోసుకునే వీలు మిగిలింది.

కానీ నా రిపోర్టు ఆఫీసుకు వెళ్లింది, కంపెనీకి వెళ్లింది. ఆ వీధిలోకి వెళ్లలేదు. "సంచులైతే వచ్చాయి సార్. ఆవిడకి మాత్రం ఎవరూ విత్తనం ఇవ్వట్లేదు, మండె కట్టమని," అని షకీలా గారు చెప్పారు. గింజ దోషం తేలాక కూడా చేతి దోషం అలాగే ఉండిపోయింది! ఆ ఆదివారం ఒక బ్లేడు, అయోడిన్ సీసా, రెండు రకాల గింజలు జేబులో వేసుకుని బస్సెక్కాను.

పాల కేంద్రం అరుగు మీద జనం చేరారు. మంచి గింజను నిలువుగా కోసి అయోడిన్ చుక్క వేశాను. పిండికి అయోడిన్ తగిలితే నల్లగా కమిలిన నీలం రంగొస్తుంది. గింజ మొత్తం నల్లబడింది. తర్వాత శ్రీరాములు సంచిలోని గింజను కోసి చుక్క వేశాను. మొలక పక్కనంతా వెలిసిపోయి, పాలిపోయి ఉంది. అక్కడి పిండి ఎప్పుడో ఖర్చయిపోయింది.

"కిందటి కోతల్లో వానకు మొలిచిన గింజ ఇది," అన్నాను. "సద్ది తినేసి చచ్చిపోయిన గింజ. దీన్ని ఎవరు నానబెట్టినా మొలవదు. ఇది ఎవరి సంచిలోది?"

వెనక నుంచి ఒకాయన, "చెప్పవయ్యా శ్రీరాములూ! అటక మీద దాచావుగా, గాలి కూడా తగలకుండా!" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు.

శ్రీరాములు నవ్వలేదు. కోసిన గింజను అరచేతిలో వేసుకుని వేలితో తిప్పి చూశాడు. "అంటే మిల్లు గేటు కాడ మొలిచిందని మన మొహాన కొట్టిందే మళ్లీ మనకి అమ్మారన్నమాట," అన్నాడు. క్షమాపణ ఏదీ చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం కొత్త సంచి భుజాన వేసుకుని నాంచారమ్మ వాకిట్లోకి వెళ్లాడు. ఆ నాలుగిళ్ల వాళ్లూ ఆయన వెనకే వెళ్లారు. నేను బస్సుకు బయలుదేరేటప్పటికి ఆవిడ విత్తనం నానబెట్టే గోలేలు కడుగుతోంది.

మూడో రోజున, కొత్త లాట్ ఎలా ఉందో చూడటానికి షకీలా గారు వెళుతుంటే నేనూ వెంట వెళ్లాను. మండె చుట్టూ జనం ఉన్నారు. దూరంగా గుంజకు ఆనుకుని శ్రీరాములు నిలబడ్డాడు. నాంచారమ్మ గోనె పైకెత్తి, లోపల చెయ్యి పెట్టి తీసి, ఆయన వైపు తిరిగింది.

"బావగారూ, ఇట్రండి. చెయ్యి పెట్టండి."

"నాకెందుకమ్మాయ్, నువ్వు చూశావుగా."

"నేను చూస్తే చాలదండి. మీరు చూడాల."

ఆయన వచ్చాడు. తటపటాయించి మణికట్టు దాకా చెయ్యి పోనిచ్చి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "అబ్బో, కాగుతోందే!"

"నా చేతి వేడి కాదండి అది," అంది. "గింజ తింటన్న తిండి వేడి. తిండి ఉంటే అది లేచుద్ది. లేకపోతే దేవుడొచ్చి మండె కట్టినా లేవదు."

ఆయన వేళ్లకు అంటుకున్న గింజల్ని జాగ్రత్తగా దులిపి మళ్లీ మండెలోనే వేశాడు.

ఈ కేసు నాకు విత్తనం గురించి కొత్తగా నేర్పిందేమీ లేదు. గింజ చచ్చిందని తేల్చడంతో నా పని అయిపోయిందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ చావును ఎవరి నెత్తిన వేశారో కనుక్కుని, వాళ్ల వీధిలోకి వెళ్లి, నలుగురి ముందూ దాన్ని దించి రావాలని తెలిసింది. ఆ పని మా ఉద్యోగ ధర్మాల్లో ఎక్కడా రాసి లేదు. ఉండాలి.

నాంచారమ్మ ఇప్పటికీ ఆ పొలమే చేస్తోంది. ఆ కంపెనీ కూడా ఇప్పటికీ ఉంది, సంచి రంగు మార్చింది. మొగుడు పోయిన ఆడమనిషి చెయ్యి మంచిది కాదని చెప్పడానికి ఒక్క పూట చాలింది. చచ్చిన గింజకు మెరుగు పెట్టి అమ్మిన ఆ చేతులు మంచివి కావని మాత్రం ఇంతవరకు ఏ ఊళ్లోనూ ఎవరూ అనగా నేను వినలేదు.